పేరడగకు, పని చెప్పు

మొన్న నారాయణగూడ సిగ్నల్ దగ్గర సిటీ బస్సు ఆగింది. నా పక్క సీట్లో ఒక కాలేజీ అమ్మాయి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఫోన్ దాని మానాన అది తెలుగులో ఏదో వార్త చదువుతోంది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది, ఒత్తులు సరిగ్గా ఒత్తుతోంది. బస్సులో ఒక్కరు కూడా తల తిప్పి చూడలేదు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ అమ్మాయి అనుమానంగా చూసి, "ఏంది అంకుల్?" అంది.

"ఏం లేదమ్మా, మంచిగ చదువుతున్నది" అన్నాను.

ఇందులో సగం కూడా బాగా చదవని ఒక గొంతు కోసం ఒక మనిషి నా షాపులో ఎన్ని నెలలు కూర్చున్నాడో ఆ పిల్లకి చెప్పాలనిపించింది. కానీ నా స్టాపు వచ్చేసింది. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

తెలంగాణ ఇంకా రాని రోజులు. అశోక్ నగర్ నుంచి చిక్కడపల్లికి పోయే గల్లీలో నాకొక మల్గీ, అంటే చిన్న షాపు, ఉండేది. కిరాయి మల్గీయే కానీ బోర్డు మాత్రం ఘనంగా ఉండేది: డీటీపీ, జిరాక్స్, ఇంటర్నెట్. ఆరు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, ఎప్పుడూ గొంతు చించుకునే ఒక యూపీఎస్. నా గిరాకీ అంతా హాస్టళ్ళలో ఉండి గవర్నమెంటు పరీక్షలకు చదివే పిల్లలే. కోచింగ్ సార్లు చేత్తో రాసిన నోట్సు నాకిస్తే నేను తెలుగులో టైప్ చేసి పేజీలు పెట్టేవాణ్ణి. పిల్లలు నా దగ్గరే జిరాక్స్ తీసుకుని పోయేవారు. ఆ చుట్టుపక్కల ఏ హాస్టల్లో ఏ మంచం మీద చూసినా నా టైపింగే కనిపించేదని కాలర్ ఎగరేసేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే ఆయన వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా, జేబులో మెరిసే పెన్ను, నల్ల కళ్ళద్దాలు, చేతిలో మడిచే కర్ర. గడప దగ్గర ఆగి, "ఓనర్ ఎవరు?" అని అడిగాడు.

"నేనే. చెప్పండన్నా."

"కంప్యూటర్ కిరాయికి కావాలె. రోజూ వస్త."

"ఏం చేస్తరు?"

"చదువుకుంట."

నేను ఆయన చేతిలో కర్ర వైపు చూశాను. ఆయనే అన్నాడు: "ఎట్ల చదువుతవని అడగవా?"

"అడుగుదామనే అనుకుంటున్న."

"అడుగు మరి. అడిగితే నాకేం కోపం రాదు. అడగకుంట అయ్యో అంటరు సూడు, గప్పుడు వస్తది."

ఆయన పేరు ఇక్కడ రాయను. పేపర్లో, సభల్లో తన పేరు ముందు ఎప్పుడూ 'అంధ' అని తగిలిస్తారని ఆయనకు మంట. ఇప్పుడు పేరు రాస్తే నేనూ ఆ జాబితాలో చేరినట్టే. మా గల్లీలో అందరికీ 'అన్న', అంతే. నేను ఆయనకంటే పదేళ్ళు పెద్ద. అయినా ఆయన నాకు అన్న, నేను ఆయనకు అన్న.

భుజాన బ్యాగులోంచి ఒక సీడీ తీసి కౌంటర్ మీద పెట్టాడు. "దీన్ని ఒక మిషన్ల ఎక్కించు. లైనక్స్."

లైనక్స్ పేరు విన్నాను. పెద్ద కంపెనీల వాళ్ళు నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొట్టుకునేదని మాత్రమే తెలుసు. నా షాపులో ఉన్నవన్నీ విండోస్ మిషన్లు. ఆ విండోస్ ఎక్కడిదని అడక్కండి. ఆ రోజుల్లో మా గల్లీలో ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు.

"విండోస్‌ల మాట్లాడే సాఫ్ట్‌వేర్ లేదా?" అని అడిగాను.

"ఉన్నది. కొనే తాకత్ నాకు లేదు. కొననోళ్ళకు కాసేపు మాట్లాడి నోరు మూస్తది. మిషన్ బంద్ చేసి మళ్ళ చాలూ చెయ్యాలె. మాటను మధ్యల మింగుతది. ఫుకట్‌గ వచ్చేది ఇంకోటి ఉన్నదన్నరు గని, నా రూముల పాత కంప్యూటర్ వైరస్ పట్టి మూలకు పడ్డది. ఇండ్ల అయితే మాట్లాడేది లోపటనే ఉన్నదట."

అసలు సంగతి తర్వాత చెప్పాడు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో, బ్రెయిలీ పుస్తకాలతో చదివాడు. ఈ పోటీ పరీక్షల పుస్తకాలు బ్రెయిలీలో లేవు. హాస్టల్లో రూమ్మేటు రోజూ చదివి వినిపించేవాడు. ఆ రూమ్మేటుకు ఉద్యోగం వచ్చి జిల్లాకు వెళ్ళిపోయాడు. ఇంతలో జూనియర్ అసిస్టెంట్ పోస్టులు పడబోతున్నాయని వార్త.

"వానికి నౌకరి వచ్చింది, నాకు సంతోషమే. గని నా చదువు వాని సూట్‌కేసుల పోయింది. ఇంకొకరిని చూసుకోవచ్చు, దొరుకుతరు. మంచోళ్ళే దొరుకుతరు. అయితే వాడు ఆవులిస్తే నా పాఠం బంద్. వానికి జరమొస్తే నాకు సెలవు. ఈసారి గట్ల కాదన్నా. ఈ పరీక్షకు నా అంతట నేను చదువుకోని పోత. పాసైతే నా చదువుతోని, ఫెయిలైతే నా చదువుతోని."

ఇదీ ఆయన పట్టింపు. నేను చివరి కంప్యూటర్, గోడ పక్కది, ఆయనకిచ్చాను. ఆయన చెబుతుంటే నేను మీటలు నొక్కి సీడీ ఎక్కించాను. అయిపోయాక, "ఆల్ట్ పట్టుకోని ఎఫ్ టూ కొట్టు. చిన్న డబ్బా వస్తది. ఆండ్ల ఓ, ఆర్, సీ, ఏ అని కొట్టి ఎంటర్ చెయ్యి" అన్నాడు. కొట్టాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత మిషన్ తెర మీద ఉన్నదాన్ని ఇంగ్లీషులో చదివి వినిపించింది. జిరాక్స్ దగ్గర నిలబడ్డ పిల్లలంతా ఉలిక్కిపడి చూశారు. ఆయన మాత్రం చొక్కా సర్దుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మౌస్‌ను తడిమి పట్టుకుని, వైరు పీకి నా చేతిలో పెట్టాడు.

"ఇది మీకే ఉంచుకోండ్రి" అన్నాడు. తర్వాత మానిటర్ కూడా ఆపేశాడు. "ఉత్తగ కరెంటు దండగ."

ఆ రోజు నుంచి మా షాపులో ఒక వింత. ఆగిపోయిన కంప్యూటర్ ముందు ఒక పెద్దమనిషి కూర్చుని టకటకా టైప్ చేస్తుంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు జాలిపడి, "అన్నా, స్క్రీన్ బందున్నది" అని స్విచ్ వేసేవాళ్ళు. ఆయన ఏమీ అనకుండా మళ్ళీ ఆపేవాడు. ఒకావిడ రెండుసార్లు వేసింది, ఆయన రెండుసార్లు ఆపాడు. మూడోసారి, "అక్కా, మీకు చూడాలని ఉంటే చూడున్రి గని నాకైతే అవసరం లేదు" అన్నాడు. పాపం, అప్పుడు ఆమెకు అర్థమైంది.

ఆయన వినే వేగం సంగతి వేరే చెప్పాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాడు కానీ ఒక చెవిదే. రెండోది కిందికి వేలాడేది. నేనొకసారి అది చెవిలో పెట్టుకున్నాను. మిక్సీలో ఏదో తిరుగుతున్నట్టు ఉంది తప్ప ఒక్క మాట అర్థం కాలేదు.

"ఇది అర్థమయితదా అన్నా?"

"నువ్వు బోర్డు చూసినప్పుడు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటవా? గట్లనే."

చప్పుడును బట్టి మనుషుల్ని గుర్తుపడతారా అని ఒక కుర్రాడు అడిగితే, "లేదు తమ్మీ, సెంటును బట్టి. నువ్వు జర తక్కువ కొట్టుకో" అన్నాడు.

ఆయన కోసం ఒక్క మిషన్‌లో పెట్టిన లైనక్స్ నన్ను కూడా పట్టుకుంటుందని నేననుకోలేదు. ఆ కాలంలో పెన్‌డ్రైవ్‌లలో ఒక వైరస్ తిరిగేది. ఫోల్డర్లన్నీ మాయమై వాటి బదులు ఉత్తుత్తి షార్ట్‌కట్లు కనిపించేవి. పిల్లలు బస్సులో జలుబు పంచుకున్నట్టు పంచుకునేవారు. ఒక పిల్ల ఏడుపు మొహంతో వచ్చింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు రిపోర్టు అందులో ఉంది, సాయంత్రంలోగా ఇవ్వాలి. నా ఐదు మిషన్లూ చేతులెత్తేశాయి. ఆయన పక్కకు తిరిగి, "ఇటు తెమ్మను" అన్నాడు. పెన్‌డ్రైవ్ పెట్టాడు, బాణం మీటతో కిందికి దిగాడు, ఆగాడు.

"నీ రిపోర్టు పేరేంది బిడ్డా?"

చెప్పింది.

"ఉన్నది. వైరస్ దాచిపెట్టింది, తుడిచెయ్యలే. విండోస్‌కు కనబడకుంట దాచిపెట్టింది గంతే."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను ఆయన వైపు చూశాను. అప్పటినుంచి పోయిన ఫైళ్ళ గిరాకీ అంతా గోడ పక్క కుర్చీకే. ఫీజు ఒక చాయ్.

నా మిగతా మిషన్లకూ వైరస్ బెడద తప్పక నేనూ ఒక్కొక్కటే మార్చడం మొదలుపెట్టాను. అక్కడ మొదలయ్యాయి నా పరేషాన్లు. ఎక్కడ ఏముందో తెలియదు. ఆయన పక్కన నిలబడి పిల్లాడిలా అడిగేవాణ్ణి.

"అన్నా, ఇండ్ల ఫొటోషాప్ ఉన్నదా?"

"పేరడగకు, పని చెప్పు. ఫొటోషాప్‌తోని నువ్వేం చేస్తవ్?"

ఆలోచించాను. ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నాను. ఏం చేస్తున్నానో ఎవరూ అడగలేదు. "పాస్‌పోర్ట్ ఫొటో వెనుక నీలం రంగు పెడత. ఆన్‌లైన్ అప్లికేషన్‌కు కేబీ తగ్గిస్త."

"గంతేనా? గా రెండు పనులకు గంత పెద్ద పేరా?"

ఆ పని చేసేది దొరికింది. మెనూలు వేరు, మీటలు వేరు. మొదటి వారం ఒకాయన ఫొటోలో చెవి కూడా నీలం చేసి ఇచ్చాను. వర్డ్ బదులు ఇంకొకటి దొరికింది. బయోడేటాలు తెరిస్తే చివరి రెండు లైన్లు రెండో పేజీకి జారేవి. పిల్లలు వచ్చి, "అన్నా, వర్డ్ ఏది?" అని అడిగేవారు. నేను ఆయన గొంతుతోనే, "వర్డ్‌ల నీకేం పని?" అనేవాణ్ణి. సగం మందికి జవాబు వచ్చేది కాదు. మా గల్లీలో అందరికీ సాఫ్ట్‌వేర్ల పేర్లు తెలుసు, వాటితో తమకేం కావాలో తెలియదు. ఈ మాట ఆయనది కాదు, నాదే. కానీ ఆయన పక్కన కూర్చోకపోతే నాకు తట్టేది కాదు.

మధ్యాహ్నం గిరాకీ పల్చబడ్డాక అప్పుడప్పుడు నారాయణగూడలో ఇరానీ హోటల్‌కి పోయేవాళ్ళం. ఒకసారి వెయిటర్ చాయ్ తెచ్చి, ఆయన వైపు చెయ్యి చూపించి నన్నడిగాడు: "సాబ్‌కు షక్కర్ తక్కువనా, మామూలా?"

నేను నోరు తెరిచేలోపే ఆయన, "నాకు కండ్లు లేవు భాయ్, నాలుకున్నది. నన్నే అడుగు" అన్నాడు. వెయిటర్ సిగ్గుపడి ఆయన్నే అడిగాడు. "మామూలు" అన్నాడు. తర్వాత ఆ వెయిటర్ మేము పోయినప్పుడల్లా నన్ను వదిలేసి ఆయనతోనే కబుర్లు చెప్పేవాడు. నా చాయ్ చల్లారినా పట్టించుకునేవాడు కాదు.

జేబులో ఆ పెన్ను ఎందుకో చాలా రోజులు అడగలేదు. ఒకరోజు అడిగేశాను.

"నా బదులు అప్లికేషన్ నింపేటోడు, రేపు పరీక్షల నా బదులు ఓఎంఆర్ షీటుల గోళాలు దిద్దేటోడు, ఎవ్వడైనా నా పెన్నుతోనే దిద్దాలె. చెయ్యి వానిది, పెన్ను నాది" అన్నాడు. ఎంత టెక్కు అనుకున్నాను. ఆ టెక్కు నాకు చాలా నచ్చింది.

ఇంగ్లీషు పుస్తకాలు ఆయనకు సాఫీగా నడిచాయి. కానీ పరీక్ష తెలుగులో, పాఠాలు తెలుగులో. లైనక్స్‌కు తెలుగు గొంతు విడిగా దొరికితే తెచ్చుకుని పెట్టుకున్నాడు. రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉండేది. దీర్ఘాలు సాగదీసేది, ప్రశ్నను కూడా సంతాపం చెప్పినట్టు చెప్పేది. ఆయనకు అది చాలు. "అన్నా, నువ్వు టైప్ చేసిన చరిత్ర నోట్సు ఫైల్ ఇయ్యి" అన్నాడు. చరిత్ర చెప్పే సార్ నోట్సు అప్పట్లో అశోక్ నగర్‌లో అందరికీ భగవద్గీత. అది డీటీపీకి మేం వాడే పేజ్‌మేకర్ ఫైలు. లైనక్స్‌లో దాన్ని తెరిచేది మాకు దొరకలేదు. వినడానికి మచ్చుకు ఒక పేరా మాత్రం ఇంకా మార్చని విండోస్ మిషన్‌లోంచి బయటికి తీసి, ఆయన మిషన్‌లో పెట్టాను. షాపులో అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టమన్నాను. నా టైపింగ్ మాట్లాడితే నలుగురూ వినాలని నా కోరిక.

మిషన్ చదివింది. "కె, క్యాపిటల్ ఎల్, డాలర్, బ్రాకెట్, స్లాష్, ఎక్స్..."

ఆయన ఓపిగ్గా లైన్ మొత్తం విన్నాడు. "అన్నా, ఏం టైప్ చేసినవ్ ఇది?"

"కాకతీయుల పాలన."

"ఇదా?"

అప్పుడు నాకు అర్థమైంది. మా డీటీపీ ఫాంట్లలో తెలుగు కంటికి మాత్రమే తెలుగు. లోపల ఉన్నవి ఇంగ్లీషు మీటలు. ఒక్కో మీట మీద ఒక తెలుగు బొమ్మ అతికించి ఉంటుంది, కాగితం మీద పడేది ఆ బొమ్మే. కళ్ళున్నవాళ్ళకు కాకతీయులు కనిపిస్తారు. ఆయనకు డాలర్లు, బ్రాకెట్లు వినిపిస్తాయి. ఇన్నేళ్ళు నేను టైప్ చేసిందంతా, ప్రతి హాస్టల్లో ప్రతి మంచం మీద ఉన్నదంతా, ఆయన దగ్గరికి వచ్చేసరికి ఒక్క తెలుగు ముక్క కాదు. నాకు బాధ కంటే రోషం ఎక్కువ వచ్చింది.

"ఇప్పుడు పేజ్‌మేకర్‌కు బదులు ఏంది?" అని ఆయనే ఆటపట్టించాడు.

"పేరడగకు, పని చెప్పు" అన్నాను.

"పని ఒక్కటే. తెలుగు తెలుగు లెక్క వినబడాలె."

ఫైల్ మార్చాలంటే ముందు సార్ ఒప్పుకోవాలి. నోట్సు ఆయన సొత్తు. నేను అడిగి వస్తానంటే అన్న వద్దన్నాడు. ఇద్దరం కలిసి పోయాం. క్లాసుల మధ్య సార్ చాయ్ తాగుతున్నారు. విషయం విని ఇబ్బందిగా మొహం పెట్టారు. "ఫైల్ బయటికి పోతే రేపు ఊరంతా పంచుకుంటరయ్యా. హాస్టల్ల ఎవరో ఒకరు చదివి పెట్టరా నీకు?"

"పెడతరు సార్. ఒక్కటి అడుగుత, ఏమనుకోకున్రి. మీరీ నోట్సు రాసేటప్పుడు ఏ పుస్తకం ఎప్పుడు తెరవాల్నో, ఏ పేజీ కాడ ఆపాల్నో ఇంకొకరు చెప్పిన్రా?"

"నాకెందుకు చెప్తరు?"

"నాకు చెప్తున్నరు సార్. చిన్నప్పటిసంది."

సార్ గ్లాసు పక్కన పెట్టేశారు. తర్వాత నాతో, "ఇచ్చెయ్యి. అక్షరం తప్పు పోకుంట చేసి ఇయ్యి. ఇట్లాంటి పిల్లలు ఇంకెవరన్న అడిగినా ఇయ్యి, నన్ను అడిగే పని లేదు" అన్నారు. మెట్లు దిగుతుంటే అన్న మొహం చూశాను. గెలిచిన గర్వం ఏమీ లేదు. "ఎప్పుడు చాలూ చేస్తవ్?" అన్నాడు అంతే.

నెట్‌లో వెతికితే పాత ఫాంటును నిజమైన తెలుగులోకి మార్చేది ఒకటి దొరికింది. సగం సరిగ్గా మార్చేది, సగం ఒత్తులు ఎక్కడెక్కడో పారేసేది. వాటిని నేను దిద్దాలి. ఇక్కడ ఇంకో చిక్కు. లైనక్స్‌లో తెలుగు కీబోర్డు వేరు. ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని టైప్ చేసిన నా వేళ్ళు ఒక్కసారిగా ఒకటో తరగతికి వచ్చాయి. 'క' ఎక్కడుందో వెతుక్కునే గతి. సున్నా మీట దొరక్క ఇంగ్లీషు చిన్న 'ఓ' పెట్టేశాను. కాగితం మీద రెండూ ఒకటేలే అనుకున్నాను. మధ్యాహ్నం ఆయన వింటూ వింటూ ఆగాడు.

"అన్నా, ఇది తెలంగాణ అని అంటలేదు. తెల అని, ఓ అని ఎవర్నో పిలిచి, గాణ అంటున్నది."

షాపంతా నవ్వింది. నేను కూర్చుని అన్ని సున్నాలూ మళ్ళీ పెట్టుకొచ్చాను.

ఆ పని కొన్ని నెలలు సాగింది. గిరాకీ లేని మధ్యాహ్నాలు నేను దిద్దడం, ఆయన వినడం, "మళ్ళ" అనడం. ఆ 'మళ్ళ'లో దయాదాక్షిణ్యాలు ఉండేవి కావు. ఒకసారి విసుగొచ్చి, "అర్థమయితున్నది కదా, జర సర్దుకో" అన్నాను. "నా రూమ్మేటు తోని గూడ గిదే లొల్లి. నాకు అర్థమయితె చాలు అనేటోడు. నీకు తప్పుల్లేకుంట కావాలె, నాకు అర్థమయితె చాలా?" అన్నాడు. ఆ పేజీ మళ్ళీ దిద్దాను.

మొదటి అధ్యాయం పూర్తయిన రోజు రెండు చెవులకూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. నేను పలకరిస్తే చెయ్యి ఎత్తి ఆపాడు. షాపులో జనం వచ్చారు, పోయారు. కరెంటు పోయి యూపీఎస్ అరిచినా ఆయన కదల్లేదు. లేచేటప్పుడు మామూలుగా లేచి, కర్ర విప్పుకుని, గడప దాకా పోయి ఆగాడు.

"ఒక పేరా మూడుసార్లు చదివిన అన్నా. వెనక్కి పోయి మళ్ళ చదివిన, ఇంకోసారి చదివిన. చదివిపెట్టేటోడిని మూడోసారి చదువు అనాలంటే మొహమాటం ఉంటది. అర్థం కాకున్నా అయింది అనేటోన్ని. చిన్నప్పటిసంది గట్లనే అంటున్న."

అని వెళ్ళిపోయాడు. నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు నచ్చేది కాదు.

పరీక్ష రాసి వచ్చాడు. ఎలా రాశావంటే, "గోళాలు దిద్దిన పిల్లగాడు మంచోడు, చెప్పింది దిద్దిండు" అన్నాడు తప్ప ఇంకేమీ చెప్పలేదు. తర్వాత కూడా రోజూ వస్తూనే ఉన్నాడు. భూగోళం నోట్సు పట్టుకున్నాడు. మధ్యలో నారాయణగూడ హాస్టల్ నుంచి చూపులేని పిల్లలు ఇద్దరు ముగ్గురు పెన్‌డ్రైవ్‌లతో వచ్చారు. 'మాట్లాడే చరిత్ర' మీ దగ్గర ఉందట కదా అని అడిగారు. వాళ్ళ దగ్గర ఆయన మాస్టారి కంటే కఠినంగా ఉండేవాడు. ఆల్ట్, ఎఫ్ టూ దగ్గర మొదలుపెట్టి, తమంతట తాము ఫైల్ తెరిచేదాకా వాళ్ళను కుర్చీలోంచి లేవనిచ్చేవాడు కాదు.

రిజల్ట్స్ వచ్చిన రోజు మా గల్లీని చూసి తీరాలి. పది హాస్టళ్ళ పిల్లలు ఒక్కసారే నెట్ షాపుల మీద పడతారు. ఆ రోజూ అంతే. నా షాపులో నిలబడడానికి చోటు లేదు. ఐదు మిషన్ల ముందూ ఐదు గుంపులు. సైటు తెరుచుకోదు. పైన ఒక బొమ్మ సగం వస్తుంది, చక్రం తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది. ఒకడు హాల్‌టికెట్ కళ్ళకద్దుకుంటున్నాడు. ఒక పిల్ల గోళ్ళు కొరుకుతోంది. పక్క షాపులోనూ ఇదే గతి అని కబురొచ్చింది. నేను ఎఫ్ ఫైవ్ మీట నొక్కీ నొక్కీ వేలు నొప్పెట్టి, గోడ పక్క కుర్చీ వైపు చూశాను.

ఆయన ఆ గోల పట్టనట్టు కూర్చుని ఏదో కొడుతున్నాడు. బొమ్మలూ రంగులూ ఏమీ లేకుండా ఉత్త అక్షరాలు మాత్రమే తెచ్చే ఒక బ్రౌజర్ లైనక్స్‌లో ఉంది. నల్ల తెర మీద నడుస్తుంది. ఆయనకు బొమ్మలతో పనేముంది? నెట్‌కు ఎప్పుడూ అదే వాడేవాడు. మా బ్రౌజర్లన్నీ ఆ సగం బొమ్మ దగ్గరే కొట్టుకుంటున్నాయి. ఆయనది బొమ్మను అడగనే లేదు, ఉత్త అక్షరాల కోసం అడిగింది.

"తెరుచుకున్నది" అన్నాడు, గట్టిగా ఏం కాదు.

ముందు నేను విన్నాను, తర్వాత పక్కనున్న కుర్రాడు విన్నాడు. క్షణంలో షాపంతా అటు తిరిగింది. ఐదు గుంపులూ కలిసి ఆయన కుర్చీ చుట్టూ చేరాయి.

"నంబర్ చెప్పు" అన్నాడు ఆయన, ఎవరు ముందుంటే వాళ్ళను.

ఆ గోళ్ళు కొరికే పిల్ల చెప్పింది. ఆయన కొట్టాడు. మీట నొక్కి తల కొంచెం పక్కకు వంచాడు. చూపున్నవాళ్ళం ముప్పై మందిమి ఆయన పెదాల వైపు చూస్తున్నాం. ఆయన చదివి చెబితే తప్ప మాకు ఏమీ తెలియదు.

"ఉన్నది బిడ్డా" అన్నాడు. ఆ పిల్ల అక్కడే కూలబడి ఏడ్చింది. "తర్వాత?"

ఇంకో నంబర్. "లేదు తమ్మీ. మళ్ళొకసారి కొడుత, నంబర్ మెల్లగ చెప్పు." మళ్ళీ కొట్టాడు. "లేదు." ఆ పిల్లాడి భుజం వెతికి పట్టుకుని, "ఇయ్యాల చాయ్ నాతోని తాగు, పోకు" అన్నాడు. "తర్వాత?"

అలా సాగింది. లైన్ గడప దాటి గల్లీలోకి పోయింది. పక్క షాపుల పిల్లలు కూడా వచ్చి నిలబడ్డారు. నేను కౌంటర్ దగ్గర నిలబడి చూస్తున్నాను. ఎవరైనా తోసుకుంటే, "ఆగున్రి, మా అన్న చదువుతున్నడు" అంటున్నాను. దాన్ని గర్వం అనకపోతే ఇంకేమంటారో నాకు తెలియదు. ఆ మనిషి నా షాపులో కూర్చున్నాడు, ఆ కుర్చీ నేనిచ్చిందే. అంత గర్వపడే హక్కు నాకుందో లేదో తెలియదు కానీ, పడ్డాను.

ఉన్నట్టుండి గుర్తొచ్చింది. జనాన్ని తోసుకుంటూ ఆయన దగ్గరికి పోయాను.

"అందరివీ చదువుతున్నవ్. నీదేమైంది అన్నా?"

"నాది మొదలే చదువుకున్న."

"ఉన్నదా?"

"ఉన్నది" అన్నాడు. మొహం నా వైపు తిప్పనైనా తిప్పలేదు, చేతులు మీటల మీదే ఉన్నాయి. "జర పక్కకు జరుగు, వెనుక పిల్లలు నిలబడ్డరు. తర్వాత? నంబర్ చెప్పమ్మా."